మిరపకాయ ఎటు చూస్తే బంతి అటు

ఆ రోజుల్లో మా పల్నాడు వాళ్ళం ప్రపంచానికి చాలానే ఇచ్చాం, ప్రపంచమే గుర్తు పెట్టుకోలేదు. నా సంగతే చూడండి. ఇప్పుడు ఎక్కడ బాస్కెట్‌బాల్ ఆడినా స్కోరు రాసేవాళ్ళ బల్ల మీద ఒక బాణం గుర్తు పెడుతున్నారు. ఇద్దరు ఆటగాళ్ళు ఒకే బంతిని పట్టుకుని నాదంటే నాదని గుంజుకుంటుంటే, ఆ బాణం ఎటు చూస్తుంటే ఆ జట్టుకు బంతి ఇచ్చేసి, బాణాన్ని రెండో వైపుకు తిప్పుతారు. ఈసారి మీకు, మళ్ళీసారి వాళ్ళకు. మొన్న మా మనవరాలి ఆట చూడటానికి నరసరావుపేట వెళ్ళినప్పుడు పక్కన కూర్చున్న ఒక తండ్రితో, ఈ పద్ధతి కనిపెట్టింది నేనేనండీ అన్నాను. ఆయన నన్నోసారి, నా చేతికర్రనోసారి చూసి, కాస్త దూరంగా జరిగి కూర్చున్నాడు. నమ్మకపోతే పోనీయండి. లోకంలో మొట్టమొదటి వంతు బాణం గురజాల పక్కన ఒక పల్లెటూళ్ళో, మిరప కల్లంలో, నా చేతుల మీదుగా పుట్టింది. అది ఇనుపదీ కాదు, ప్లాస్టిక్‌దీ కాదు, ఎండుమిరపకాయ. (ఇందులో కొంత కోత ఉంది. ఎక్కడుందో దారిలో నేనే చెబుతాను, తొందరపడకండి.)

అప్పటికి నాకు మీసం కూడా కుదురుగా రాలేదు. ఈపూరు దగ్గర మా ఊరి నుంచి చేతిలో ఒక ఇనప్పెట్టె, మెడలో ఒక ఈల వేసుకుని ఆ పల్లెటూరి హైస్కూలుకు డ్రిల్లు మాస్టారుగా వెళ్ళాను. ఉద్యోగం తాత్కాలికమే గాని గొంతు మాత్రం పర్మనెంటు. బాస్కెట్‌బాల్ రూల్సు పుస్తకం మొత్తం నాకు కంఠతా వచ్చు. (ఆడటం రాదు. బుట్టలో బంతి వేయమంటే ఇప్పటికీ దేవుడి మీద భారం వేస్తాను.) బంతి గీత దాటితే ఎవరికివ్వాలి, బయట నుంచి లోపలికి విసిరేవాళ్ళకు ఎంత గడువివ్వాలి, విసిరేటప్పుడు కాలు గీత తొక్కితే ఏమవుతుంది, ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. చిక్కల్లా ఏమిటంటే ఆ ఊళ్ళో బంతి లేవదు. మా బడి ఆవరణంతా రాళ్ళు, పల్లేరుకాయలు. బంతిని నేలకు కొడితే పైకి రావాల్సింది పోయి పక్కకు దొర్లి హెడ్మాస్టరు గారి గదిలోకి దూరేది. ఊరు మొత్తం మీద బంతి బుద్ధిగా లేచే చోటు ఒక్కటే ఉంది. అది ఇద్దరు అన్నదమ్ముల ఉమ్మడి మిరప కల్లం. వాళ్ళ తండ్రి బతికుండగా కాయలు ఎండబోసుకోవడానికని నాపరాళ్ళు తెప్పించి చదునుగా పరిపించాడు. ఆ రాళ్ళ మీద బంతి కొడితే ఎంత ముచ్చటగా లేచేదో చెప్పలేను.

ఆ అన్నదమ్ములను ఊరంతా పెద్దాయన, చిన్నాయన అనేవారు, నేనూ అలాగే అంటాను. ఇద్దరికీ మాటల్లేవు. వెనక ఒక కరువు ఏడాది కాలవ నీళ్ళు వంతుల మీద వదులుతుంటే, తన వంతు రోజున అన్న మడవ తిప్పి నీళ్ళు తన చేనుకు పెట్టుకున్నాడని తమ్ముడంటాడు. ఆ రోజు వంతు నాదేనని అన్నంటాడు. ఎవరి మాట నిజమైనా తమ్ముడి మిరప తోట మాత్రం నిలువునా ఎండిపోయింది. అప్పట్నుంచీ ఒకరికొకరు చెప్పుకోవాల్సింది మధ్యలో ఉన్న మూడో ప్రాణికి చెప్పేవారు. మనిషి దొరక్కపోతే గేదెకు. "నీ దూడ నా చొప్ప తింటంది, కట్టేసుకోమని మీవోడికి చెప్పవే" అని పెద్దాయన తమ్ముడి గేదెతో అంటుంటే నేను చెవులారా విన్నాను. గేదె కూడా శ్రద్ధగానే వినేది. కల్లానికి అడ్డంగా సున్నం గీత ఒకటి ఉండేది. అటు సగం అన్నది, ఇటు సగం తమ్ముడిది. అదృష్టం ఏమిటంటే అది సరిగ్గా బాస్కెట్‌బాల్ కోర్టు మధ్య గీత ఉండాల్సిన చోటే ఉంది.

కల్లం అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అడిగింది పెద్దాయన కూతురు. మా జట్టులో అందరికంటే పొడుగు, అందరం పొడుగమ్మాయి అనేవాళ్ళం. ఇంట్లో వంగి నడిచేది, బంతి చేతికొస్తే నిటారుగా నిలబడేది. పెద్దాయన సరేనన్నాడు, తమ్ముడు ఎలాగూ ఒప్పుకోడన్న ధీమాతో. చిన్నాయన కూడా సరేనన్నాడు, అన్న ఎలాగూ అడ్డం పడతాడు, పిల్లల ముందు చెడ్డవాడవుతాడన్న ఆశతో. తీరా ఇద్దరూ సరేననేసరికి ఇద్దరికీ వెనక్కు తగ్గే దారి లేకపోయింది. కమ్మరి చేత రెండు కమ్మీలు గుండ్రంగా వంచించి, రెండు నిలువు గుంజలకు బిగించాం. సంక్రాంతి ముందు నుంచి కాయలు కల్లంలోకి వచ్చేదాకా పిల్లలు అక్కడే ఆడారు. ఆ ఉత్సాహంలో నేను నరసరావుపేట అమ్మాయిల బడి వాళ్ళను ఆటకు పిలిచాను. మంచి రోజు చూసుకోవడంలో మాత్రం తప్పాను. అప్పటికి కల్లం నిండా కాయలే. ఇద్దరన్నదమ్ములూ గొణుక్కుంటూ ఎవరి కాయలు వాళ్ళు అంచులకు లాగించారు. మధ్యలో నల్లటి రాళ్ళు, చుట్టూ ఎర్రటి మిరప, చూడటానికి మహా అందంగా ఉంది. పీల్చడానికే లేదు.

ఆటకు ముందు పొడుగమ్మాయి నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, ఇవ్వాళ ఇక్కడ ఏ గొడవొచ్చినా సున్నం గీత మీద ముళ్ళకంచె ఏయిస్తానన్నాడండి మా నాన్న. బాబాయి కూడా అదే అన్నాడంట. కంచె పడితే ఇంక ఆటుండదండి" అంది. నా ప్రాణం ఉన్నంతవరకు గొడవ రానివ్వనన్నాను. (ప్రాణం గురించి అలా మాటివ్వడం ఆ వయసులో తేలిక.)

పేట జట్టుతో వాళ్ళ డ్రిల్లు టీచరమ్మ వచ్చింది. నీలం అంచు తెల్లచీర, చేతికి మగవాళ్ళ గడియారం. రావాల్సిన రెండో రిఫరీ రాలేదు. స్కోరు రాయడం, టైము చూడటం నేను చూసుకుంటాను, మీరు ఈల చూసుకోండి అని బల్ల దగ్గర కూర్చుంది. ఎదుటి జట్టు టీచరు బల్ల దగ్గర కూర్చోవచ్చా అని పుస్తకంలో వెతకాలనిపించింది గాని, ఆవిడ నన్ను చూసిన చూపుకి పుస్తకమంతా మర్చిపోయాను.

ఆట మొదలైన కాసేపటికే మొదటి గండం వచ్చింది. పొడుగమ్మాయి చేతికి తగిలి బంతి గీత దాటి పెద్దాయన కాయల్లో పడింది. ఆయన కాయల పక్కనే నులకమంచం వేసుకుని కూర్చున్నాడు. బంతిని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను వెళ్ళి, పేట పిల్లలకు ఇవ్వాలి పెద్దాయనా, మనమ్మాయి చేతికి తగిలి బయటికొచ్చింది అన్నాను.

"నా కాయల్లో పడ్డది ఎవురికియ్యాల్నో నా ఇష్టం" అన్నాడాయన. "నా చేలో పడ్డ గొడ్డును ఎవురికి అప్పజెప్పాల్నో దారినపోయేవోడు చెప్తాడా?"

ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. మా వైపు పరాయి గొడ్డు చేలో పడితే ఆ చేను ఆసామి పట్టి కట్టేస్తాడు, లేకపోతే బందెలదొడ్డికి తోలతాడు. గొడ్డుగలాయన వచ్చి నాలుగు మాటలు పడి విడిపించుకుపోవాలి. బాస్కెట్‌బాల్ పుస్తకం రాసినవాళ్ళకు బందెలదొడ్డి సంగతి తెలిసినట్టు లేదు. నా వెనక ఇరవై కళ్ళు, అందులో పొడుగమ్మాయివి రెండు. కంఠతా వచ్చిన పుస్తకం పక్కనబెట్టి, "పెద్దాయనా, గొడ్డు మీ చేలో పడితే తప్పు గొడ్డుదా, తోలినోడిదా?" అని అడిగాను.

"తోలినోడిదే."

"మరి దీన్ని ఆఖర్న తోలింది ఎవరు?"

ఆయన కూతురి వైపు చూసి, "మా పిల్లే" అన్నాడు.

"తోలినోళ్ళకే మళ్ళీ గొడ్డును అప్పజెప్తామా?"

పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. బంతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత లేచి వెళ్ళి పేట అమ్మాయి చేతిలో పెట్టి, "పట్టుకుపో తల్లీ, తప్పు మాదే" అన్నాడు. గీత దాటిన బంతి ఆఖరున ముట్టుకున్నవాళ్ళది కాదు, ఎదుటివాళ్ళది అన్న నియమం అంత తేలిగ్గా ఎవరికీ ఎక్కించి ఉండను. ఎక్కడమేమిటి, ఆయనకు పూనింది. ఇక అక్కణ్ణుంచి రిఫరీ ఆయనే. విసిరే పిల్ల కాలు గీతకు బెత్తెడు దూరంలో ఉండగానే, "కాలు చూసుకో అమ్మాయ్, గట్టు దిగబాకు" అనేవాడు. అయిదు సెకన్లలో విసరాలని చెబితే, కల్లంలో గింజలు కొలిచినట్టు పెద్దగా, "లాభం, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెట్టేవాడు. పేట పిల్లలకు లాభమంటే ఒకటని తెలియక బంతి పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డారు. నేను ఈల ఊదబోయేలోపే ఆయన, "అయిదు, చెల్లు" అనేవాడు. అటుపక్క తన కాయల దగ్గర గొంతుకూర్చున్న చిన్నాయన, కొలిచేవోడు కొంచెం తొందరగా కొలుస్తున్నాడని ఆయనకు చెప్పండి మాస్టారూ అని నాతో అన్నాడు. నేను వినపడనట్టు నటించాను. (వినపడకపోవడం రిఫరీకి సగం విద్య.)

రెండో గండం నా వల్లే వచ్చింది. ఆ రోజుల్లో ఇద్దరు పిల్లలు బంతిని పట్టుకుని వదలకపోతే, ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి రిఫరీ మధ్యలో బంతిని పైకెగరేయాలి, ఎగిరి తట్టినవాళ్ళది. ఎగరేసేటప్పుడు నేను తల పైకెత్తాలి. తల ఎత్తితే ఎండ. ఎండకు తోడు, కాయల్లో పొర్లి పొర్లి బంతి నిండా కారం. మొదటిసారి ఎగరేస్తూ తుమ్మాను, బంతి వంకరగా మా పిల్లల వైపు పోయింది. మా వాళ్ళ పక్షమని పేట పిల్లలు మొహాలు ముడుచుకున్నారు. రెండోసారి తుమ్మితే వాళ్ళ వైపు పోయింది. ఇప్పుడు మా ఊరివాళ్ళు లేచి నిలబడ్డారు. మూడోసారి న్యాయంగా ఎటూ పోకుండా నేరుగా వెళ్ళి టీచరమ్మ బల్ల మీద సిరాబుడ్డిని పడగొట్టింది. తెల్లచీర మీద నీలం అంచు కాస్త పెద్దదైంది. నా కళ్ళు ధారలు కారుతున్నాయి, ముక్కు సంగతి చెప్పను. ఊరివాళ్ళు ఒకటి, పేట జట్టుతో వచ్చిన ఆయమ్మ ఒకటి అనుకోవడం మొదలైంది. పొడుగమ్మాయి సున్నం గీత మీద నిలబడి రెండు వైపులా చూస్తోంది, అప్పుడే ముళ్ళకంచె కనపడుతున్నట్టు.

అప్పుడు చిన్నాయన లేచాడు. "మాస్టారూ, ఈ ఎగరేసే బేరం ఆపండి. మీకు సేతగాదు. కాలవ నీళ్ళకు మాదిరి ఒంతు పెట్టండి. ఇద్దరు పట్టుకుంటే ఈసారి ఈళ్ళకి, మళ్ళీసారి వాళ్ళకి" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆకాశం వైపు చూసి, "ఒంతంటే ఒంతే. మజ్జెలో ఎవురూ మడవ తిప్పుకోకుండా" అన్నాడు.

పెద్దాయన మొహం ఆయన కాయల రంగుకు వచ్చింది. "ఒంతు తప్పే అలవాటు మా ఇంట్లో లేదని ఆ బల్లకు చెప్పండి మాస్టారూ" అన్నాడు. నేను బల్లకు చెప్పాను. ఇంకేం చేయను.

(ఇదిగో, కోత ఉందన్నది ఇక్కడే. వంతు పద్ధతి నేను కనిపెట్టలేదు, చిన్నాయన కనిపెట్టాడు. ఆయనా కనిపెట్టలేదు, కాలవ కనిపెట్టింది. నరసరావుపేటలో నా పక్కనుంచి జరిగి కూర్చున్నాయనకు నా క్షమాపణలు. కాని ఎవరి వంతో గుర్తుండటానికి అంచున పడున్న ఎండుమిరపకాయ ఒకటి తీసి బల్ల మీద పెట్టడం, దాని కొన ఎటు చూస్తే అటువాళ్ళ వంతని చెప్పడం, ఆ బుర్ర మాత్రం నాదే. ఇన్నేళ్ళుగా అలాగే చెబుతున్నాను.)

విరామంలో పిల్లలు కుండలో నీళ్ళు తాగుతుంటే, పొడుగమ్మాయి టీచరమ్మ పక్కన నిలబడి ఏదో గబగబా చెప్పింది. బంతి వేసే ఒడుపు అడుగుతోంది కాబోలు అనుకుని, ఆ ఒడుపు నన్నడగనందుకు చిన్నబుచ్చుకుని, అంతలోనే నాకది రాదని గుర్తొచ్చి సర్దుకున్నాను.

విరామం తర్వాత మిరపకాయ రాజ్యమేలింది. ఇద్దరు పట్టుకుంటే అందరూ బల్ల వైపు చూడటం, కాయ ఎటుంటే అటు ఇవ్వడం, కాయను తిప్పడం. ఒక్క మాట రాలేదు. పెద్దాయన ఇటు నుంచి, చిన్నాయన అటు నుంచి ఆ కాయను కాలవ తూమును కనిపెట్టినట్టు కనిపెడుతున్నారు. ఆట ముగియవచ్చింది. మేము ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. సరిగ్గా మేము బంతి వేయాల్సిన బుట్ట దగ్గర పొడుగమ్మాయీ, పేట జట్టులో ఒక బలమైన పిల్లా బంతి మీద పడి ఇద్దరూ పట్టేశారు. నేను ఈల ఊది, కళ్ళు తుడుచుకుని బల్ల వైపు చూశాను. కాయ కొన మా వైపే ఉంది. మా వంతు. గీత బయట నుంచి ఒక పిల్ల విసిరితే పొడుగమ్మాయి అందుకుని వేసేస్తుంది, ఆ దూరంలో ఆ పిల్ల తప్పగా నేనెప్పుడూ చూడలేదు. గెలిస్తే పెద్దాయన రొమ్ము విరుచుకుంటాడు, ఆ ఊపులో కంచె మాటే ఉండదు. నేను చెయ్యెత్తి, మన బంతి అన్నాను.

"ఆగండి మాస్టారూ" అన్నాడు పెద్దాయన.

మంచం దిగి గీత దాకా వచ్చాడు. నన్ను చూడలేదు, కూతుర్ని చూశాడు. "ఏమే, పోయినసారి ఇట్టా పట్టుకున్నప్పుడు బంతి ఎవురికిచ్చారు?"

పొడుగమ్మాయి బంతిని రెండు చేతులా పొట్టకు అదుముకుని నిలబడింది. ఇంట్లో నడిచినట్టు మెడ వంగింది. మొత్తానికి, "మనకే నాన్నా" అంది.

నాకు అప్పుడు తట్టింది. పోయినసారి మాకిచ్చాక కాయను తిప్పలేదు. తుమ్ములో పడి మర్చిపోయాను.

"అయితే ఒంతు వాళ్ళది" అన్నాడు పెద్దాయన. "ఇచ్చెయ్."

కల్లం అటు చివర నుంచి చిన్నాయన లేచి నిలబడ్డాడు. మధ్యలో గేదె లేదు, బల్ల లేదు, నేను ఉన్నాను గాని నన్నెవరూ చూడటం లేదు. "ఏందన్నా నువ్వంటంది" అన్నాడు. "మన పిల్ల ఓడిపోద్ది."

పెద్దాయన తల తిప్పలేదు. ఎండబోసిన కాయల వైపు చూస్తూ, "ఒంతు తప్పితే ఏమైద్దో నాకు తెలవదేంట్రా" అన్నాడు.

అంతే. ఆ కరువేడాది సంగతి దానికి మించి ఎవరూ ఎత్తలేదు. పొడుగమ్మాయి బంతిని పేట పిల్ల చేతికిచ్చింది. వాళ్ళు గీత బయట నుంచి విసిరారు (లెక్కపెట్టేవాడు లెక్క మానేశాడు), అటూ ఇటూ ఇచ్చుకున్నారు, టీచరమ్మ గడియారం చూసి చెయ్యెత్తింది, మేము ఒక్క పాయింటుతో ఓడిపోయాం. పొడుగమ్మాయి మోచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది. ఏడుపో కారమో నేను అడగలేదు. ఆ రోజు అక్కడ అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

అన్నదమ్ములిద్దరూ నడుచుకుంటూ వచ్చి సున్నం గీతకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు. కంచె ఎక్కడ వేయాలో చూసుకుంటున్నారనుకున్నాను. పెద్దాయన గొంతు సవరించుకుని, "ఈసారి కాలవొదిలితే నా ఒంతు నీళ్ళు నువ్వు పెట్టుకో" అన్నాడు.

"కాయ కోసి ఎండబోసినాక నీళ్ళెందుకన్నా?" అన్నాడు చిన్నాయన. "నీకు సేద్దెం ఎప్పుడొచ్చుద్ది?"

పెద్దాయనకు కోపం వచ్చింది. తమ్ముణ్ణి తిట్టాడు. తమ్ముడు తిరిగి తిట్టాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకుంటూ, పొద్దుగూకేదాకా కడుపునిండా తిట్టుకున్నారు. ఊరు ఊరంతా ఎవరి ఇంటికి వాళ్ళు హాయిగా పోయింది. ఆ సున్నం గీత మీద కంచె పడలేదు. మరుసటి ఏడాది మా పిల్లలు అక్కడే ఆడి పేట వాళ్ళను ఓడించారని గొప్పగా చెప్పగలను, ఎందుకంటే ఆ ఆటకు రిఫరీని నేను కాదు. పొడుగమ్మాయి మాచర్లలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. ఏటా కొత్త కారం పంపిస్తుంది, డబ్బా విప్పగానే నేను తుమ్ముతాను.

సిరా మరకల చీర బాకీ తీర్చే నెపంతో నేను పేటకు తిరిగిన బస్సులు, ఆవిణ్ణి అడిగిన రూల్సు అనుమానాలు, ఆవిడ చర్చి పెద్దల ముందూ మా ఇంటివాళ్ళ ముందూ పడ్డ తిప్పలు ఈ కథలోకి రావు. ఆ ఈల ఇంకా నా బల్ల సొరుగులో ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తుంటే, తల పైకెత్తి ఎండలోకి చూస్తూ, కళ్ళు మూసుకుని బంతి ఎగరేసి, న్యాయం జరిగిందనుకునే ఆ మీసం రాని కుర్రాడు కనిపిస్తాడు. ఇప్పుడు మీసం నెరిసింది. ఎగరేసింది ఎటు పడుతుందో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అయినా ఒక మిరపకాయతో అన్నదమ్ముల్ని కలిపిన ఘనత నాది కాకుండా పోదు కదా అని ఇక్కడిదాకా రాసి, టీ పట్టుకొచ్చిన మా ఆవిడకు చదవమని ఇచ్చాను. ఒకప్పటి పేట టీచరమ్మ. కళ్ళద్దాలు పెట్టుకుని, నిలబడే మొత్తం చదివింది. ఎక్కడా నవ్వలేదు.

"కాయ మీరు పెట్టారా?" అంది. "సిరా తుడుచుకుంటా నేను పెట్టాను. ప్రతిసారీ తిప్పింది కూడా నేనే. మీకసలు బల్ల ఏడుందో కనపడిందా ఆ రోజు?"

"మరి ఆఖరుసారి తిప్పడం మర్చిపోయింది కూడా నువ్వేనా?" అన్నాను.

"మర్చిపోటానికి నేను మీరా? తిప్పలేదు, అంతే. కంచె సంగతి ఆ పిల్ల విరామంలోనే నాకు చెప్పింది. మా పిల్లలకు పేటలో కోర్టుంది. కంచె పడితే ఆ పిల్లకు ఏముంది?" కాగితాలు నా ముందు పెట్టి, టీ గ్లాసు వాటి మీద బరువుంచింది. "వాళ్ళ నాన్న పట్టేస్తాడని నేనేం కలగన్నానా. మీరు ఆ రోజు చేసిందల్లా తుమ్మటం. అది రాయండి."